నీళ్ళపెట్టెలో అమ్మోరు

మొన్న మనవరాలి ఇంటికి వెళ్ళాను. హాల్లో సోఫా పక్కన చేపల తొట్టి ఒకటి పెట్టుకుంది. లోపల దీపం, బుడగలు, ప్లాస్టిక్ గడ్డి, చిన్న బొమ్మ కోట. కాఫీ చేతికిచ్చి, "అమ్మమ్మా, ఒకసారి ఇటు రా, దీని ఒంటి మీద ఏదో వచ్చింది చూడు" అంది. కళ్ళజోడు సవరించుకుని వంగి చూశాను. నల్లచేప. తోక మీద, రెక్కల మీద, కంటి పక్కన, బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్ల చుక్కలు.

కాఫీ కప్పు ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు. నా కుడిచెయ్యి మాత్రం ఎడమ జబ్బ మీదికి పోయి, జాకెట్టు చేతి కింద ఉన్న పాత మచ్చని పట్టుకుంది. మనవరాలు ఫోనులో ఏదో వెతికింది. "ఓ, ఇదా! నీళ్ళు కొంచెం వేడి చేసి ఉప్పు వేస్తే పోతుందట" అని తేలిగ్గా తేల్చేసింది. ఉప్పు, వేడి. ఆ రెండు మాటలూ ఒక్కసారే చెవిన పడేసరికి నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. డెబ్బై దాటిన మనిషి చేపని చూసి వంటింట్లో దాక్కుందంటే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ ముందు ఇది వినండి.

అప్పుడు మేం జంషెడ్‌పూర్‌లో, గోల్‌మురి వైపు, కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళం. రెండు గదులు, వెనక వరండా. పంపు మా క్వార్టర్ల లైనుకంతటికీ ఒకటే. నాన్న రోలింగ్ మిల్లులో పని. మిల్లు సైరను, అక్కడి మాటలో భోంపూ, కూసిందంటే రోడ్డంతా సైకిళ్ళు, ఆ సైకిళ్ళలో ఒకదాని మీద మా నాన్న, హ్యాండిలుకి వేలాడే టిఫిను డబ్బా. సాయంత్రం అయ్యేసరికి ఇంటింటి నుంచీ పాత బాల్టీలకి మట్టి మెత్తి చేసిన బొగ్గుల పొయ్యిలు బయటికి వచ్చేవి. ఆ పొగలో ఎదురుగా ఎవరు వస్తున్నారో తెలిసేది కాదు. పొగ చచ్చాక ఎవరి పొయ్యి వాళ్ళు లోపలికి మోసుకుపోతే, ఒక ఇంట్లోంచి ఆవనూనె వాసన, ఇంకో ఇంట్లోంచి రొట్టెల వాసన, మా ఇంట్లోంచి ఎండుచేపల పులుసు వాసన. మా పులుసు వాసనకి లైనులో సగం కిటికీలు మూసుకునేవి. మామ్మ దానికి తెగ సంబరపడేది. "మన వంట అంటే ఆళ్ళకి బయమే!" అనేది.

మామ్మ అంటే నాన్నకి అమ్మ. శ్రీకాకుళం అవతల ఒడిశా సరిహద్దు పల్లెలో పుట్టి, అక్కడే ముసలిదై, తాతయ్య పోయాక మా దగ్గరికి వచ్చింది. ఇల్లు మారింది గానీ మనిషి ఆ పల్లెలోనే ఉండిపోయింది.

నాన్నకి ఏ బంగళాలోనో గాజు పెట్టెలో ఈదే చేపలు కనబడ్డాయట. అప్పటి నుంచీ అదే ధ్యాస. ఇనప ముక్కలు సంపాదించి, వెల్డింగు చేసే స్నేహితుడిని బతిమాలి ఫ్రేము కట్టించాడు. అద్దాలు కోయించి, పుట్టీతో అతికించాడు. మొదట్లో అది కారి కారి గదంతా చిత్తడి చేస్తే అమ్మ కింద ఇత్తడి పళ్ళెం పెట్టింది. పక్క క్వార్టర్లో ఉండే బెంగాలీ ఆయన, డ్రాయింగు ఆఫీసులో పని చేసేవాడు, మేం కాకాబాబు అని పిలిచేవాళ్ళం, ఆయనకీ ఇదే పిచ్చి. కలకత్తా నుంచి తెచ్చిన చేపల్లో కొన్ని మాకిచ్చాడు. నాలుగైదు ఎర్రవి, ఒకటి నల్లది. మా తమ్ముడు ఆ నల్లదానికి 'కాకి' అని పేరు పెట్టుకున్నాడు. వాడికి అప్పుడు నాలుగేళ్ళు ఉంటాయేమో. లేవగానే మొహమైనా కడుక్కోకుండా పోయి, అద్దానికి ముక్కు ఆనించి, "కాకీ, కాకీ" అనేవాడు. చూసేవాళ్ళు లేనప్పుడు మోచెయ్యి దాకా నీళ్ళలో పెట్టేవాడు. కాకి వచ్చి వాడి వేళ్ళని కొరికేది.

మామ్మకి మాత్రం ఈ వ్యవహారం అంతుపట్టలేదు. పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, "వండుకోని చేపలకి మనమెందుకురా కూడెట్టాల?" అని నాన్నని అడిగింది. నాన్న నవ్వాడు.

మా అమ్మ మొహం నిండా మశూచి గుంటలు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్న మొహం కాబట్టి, అమ్మలందరి మొహాలూ అలాగే ఉంటాయని చాలాకాలం అనుకున్నాను. నాకంటే ముందు ఒక అప్ప ఉండేదని కూడా తెలుసు. మాటలు వచ్చీ రాని వయసులో, ఊళ్ళో, అమ్మతోపాటే దానికీ అమ్మోరు పోసింది. అమ్మ లేచింది, అప్ప లేవలేదు. ఇంట్లో ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. అమ్మ ట్రంకుపెట్టె అడుగున ఒక చిన్న పరికిణీ ఉండేది. నేను ముట్టుకోబోతే చేతి మీద కొట్టేది.

చలి తగ్గి ఎండ మొదలయ్యే రోజులంటే మా ఇంట్లో భయం మొదలయ్యే రోజులు, అమ్మోరు తిరిగేది అప్పుడే. అమ్మ మమ్మల్ని ఆటలకి పంపేది కాదు. స్నానం చేయించేటప్పుడు వీపు, మెడ, చెవుల వెనక వేళ్ళతో తడిమి చూసేది. ఒక్క దోమకాటు కనబడితే చాలు, దాని చుట్టూ తిరిగేది రోజంతా. ఆ కాలంలోనే టీకాలబాబు కూడా వచ్చేవాడు. ఖాకీ సంచీ, సైకిలు, సంచీలో పళ్ళచక్రం ఉన్న చిన్న పనిముట్టు. దాన్ని చేతి మీద ఆనించి గిర్రున తిప్పుతాడని, తోలు లేచిపోతుందని పిల్లలం చెప్పుకునేవాళ్ళం. అతను లైను మొదట్లోకి వచ్చాడనగానే మామ్మ మమ్మల్ని మంచం కిందికి తోసేసి, దుప్పటి కిందికి లాగేది. అతను గుమ్మంలో నిలబడి పిల్లలున్నారా అని అడిగితే, "కోయీ నహీ, కోయీ నహీ" అనేది, ఎవరూ లేరని. మామ్మకి వచ్చిన హిందీ మొత్తం ఆ రెండు మాటలే. ఆ రెండింటినీ అబద్ధానికే వాడింది.

అమ్మోరు తిరిగే కాలంలో ఒంటికి సూది గుచ్చితే ఆ తల్లికి కోపం వస్తుందని ఆవిడ నమ్మకం. బడిలో టీకాలు వేసే రోజు నాకు జ్వరమని కబురు పంపేది. నాన్న ఒకటి రెండుసార్లు కోప్పడ్డాడు గానీ, తల్లి ఏడుపు మొహం పెడితే నిలబడగలిగే మనిషి కాదు. అమ్మ మాత్రం మామ్మ వైపు ఒకసారి చూసి, బిందె తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళిపోయేది. ఆ చూపు ఏమిటో అప్పట్లో నాకు తెలీదు.

ఆ ఏడు వెనక లైనులో ఒక ఇంటి గుమ్మానికి వేపకొమ్మ కట్టారు. పాలుపోసే ఒరియా ముసలాయన 'ఠాకురాణి' వచ్చిందన్నాడు. పంపు దగ్గర బీహారు ఆడవాళ్ళు 'మాతా' అన్నారు. కాకాబాబు భార్య 'మాయెర్ దయా' అని రెండు చేతులూ జోడించింది. ఎవరి భాషలో వాళ్ళు తల్లి పేరే చెప్పారు తప్ప, రోగం అన్నవాళ్ళు లేరు. మర్నాడో ఆ మర్నాడో ఒక బండి మీద ఏదో తెల్లగుడ్డ కప్పి సువర్ణరేఖ ఏటి వైపు తోసుకుపోయారు. అమ్మ కిటికీ మూసేసింది. మూసేలోపల నేను చూసేశాను. ఆ గుడ్డ కింద ఉన్నది చాలా చిన్నది.

అప్పటి నుంచీ నాకు నిద్రలో కూడా వేపాకు వాసన వచ్చేది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాకాబాబు కలకత్తా నుంచి కొత్త చేపలు తెచ్చి రెండు మాకూ ఇచ్చాడు. నాన్న వాటిని పెట్టెలో వదిలాడు. తర్వాత కొద్దిరోజులకి, పొద్దున్నే తమ్ముడి కేక వినబడింది.

"దేఖో అమ్మా, కాకి పర్ నమక్ గిర్ గయా!"

కాకి మీద ఉప్పు పడిందట. వాడు వీధి పిల్లలతో తిరిగి తిరిగి తెలుగులో అడిగినా హిందీలోనే చెప్పేవాడు. నేను వెళ్ళి చూశాను. నల్లని ఒళ్ళంతా తెల్లని పొక్కులు. కాకి రెక్కలు ముడుచుకుని, అడుగున ఉన్న రాయికి ఒళ్ళు రుద్దుకుంటోంది. దురద పుట్టినవాళ్ళు గోడకి వీపు రుద్దుకున్నట్టు.

మామ్మ చేటలో బియ్యం ఏరుకుంటోంది. తమ్ముడి కేకకి లేచి వచ్చి, కళ్ళు చికిలించి చూసింది. ఆవిడ చేతిలో చేట ఒరిగి, బియ్యం గలగలా కిందికి రాలాయి.

"అమ్మా... తల్లీ... నీళ్ళల్లోకి దిగినావా తల్లీ!" అని పెట్టెకి చేతులు జోడించింది.

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. ముందు చేపని చూడలేదు, తమ్ముడి చేతిని చూసింది. వాడి చొక్కా చెయ్యి మోచేతి దాకా తడిసి ఉంది.

"చెయ్యెట్టినావా?" అంది.

వాడు అవునన్నట్టు తలూపాడు.

ఆ పూట నుంచి మా ఇల్లు అమ్మోరు దిగిన ఇల్లయింది. గుమ్మానికి వేపకొమ్మ, పెట్టె నాలుగు మూలలా వేపకొమ్మలు, అద్దం మీద పసుపు బొట్టు. తాలింపు లేదు, వేపుడు లేదు, ఎండుచేప పేరెత్తకూడదు, ఉప్పు ముట్టకూడదు. తలదువ్వుకోకూడదు. నాన్న గడ్డం గీసుకోకూడదు. చప్పటి పెరుగన్నం. అమ్మోరికి చల్లగా ఉండాలి కదా, అందుకని మామ్మ మట్టికుండలో నీళ్ళు రాత్రంతా వరండాలో పెట్టి, పొద్దున్నే పసుపు కలిపి, దండం పెట్టుకుంటూ పెట్టెలో పోసేది. చెంబుడు చెంబుడూ పోస్తూ, "సల్లబడు తల్లీ, సల్లబడు" అనేది. ఆ నీళ్ళు తగలగానే చేపలు ఉలిక్కిపడి మూలలకి పోయేవి. ఆ చలి వాటిని ఇంకా చంపుతోందని మాకెవరికీ తెలీదు.

నాన్న డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో వేపకొమ్మ చూసి సైకిలు అలాగే వదిలేశాడు. తమ్ముడినీ నన్నూ పట్టుకుని ఒళ్ళంతా చూసి, విషయం తెలిశాక గోడకి జారగిలబడి నవ్వాడు. ఆ నవ్వు ఏడుపులా ఉంది. వెళ్ళి కాకాబాబుని పిలుచుకొచ్చాడు.

కాకాబాబు అద్దం దగ్గర కూర్చుని చాలాసేపు చూశాడు. ఇది మశూచి కాదు, మనుషులకి అంటేది కాదు, కంటికి ఆనని పురుగు అన్నాడు. ప్రతి చుక్కా ఒక పురుగు కట్టుకున్న గూడు. గూట్లో ఉండగా దాన్ని ఏ మందూ తాకలేదు. నీళ్ళు వెచ్చగా ఉంటే పురుగు తొందరగా పెరిగి కిందికి రాలుతుంది, పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలు మళ్ళీ చేప ఒంటికి ఎక్కేలోపల ఉప్పూ నీలంమందూ వాటిని చంపాలి. ఆయన చెప్పిన వైద్యం మొత్తం ఇదే. వేడి, ఉప్పు, నీలంమందు. కొత్తచేపలతోనే వచ్చి ఉంటుంది, తప్పు నాదే అని నొచ్చుకున్నాడు కూడా.

నాన్న అదంతా తెలుగులో చెప్పగానే మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మోరికి ఉప్పూ నిప్పూ సూపిత్తావేట్రా? మతిపోనాదా? రేపు ఆ తల్లి గుంటడి మీదకొత్తే ఎవుడు సమాదానం సెప్తాడు? నీ బెంగాలీ బాబు సెప్తాడేటి?"

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ ఏదైనా అంటే ధైర్యం చేసేవాడే. అమ్మ తమ్ముడిని ఒళ్ళో పెట్టుకుని వాడి అరచేతులు తిప్పి తిప్పి చూస్తోంది. కాకాబాబు నీలంమందు సీసా గోడ గూట్లో పెట్టి వెళ్ళిపోయాడు. అది అక్కడే ఉండిపోయింది.

ఎర్రచేపలు ఒక్కొక్కటే పైకి తేలడం మొదలుపెట్టాయి. పొద్దున్న లేవగానే పెట్టె వైపు చూడాలంటే నాకు ప్రాణం పోయేది. ఒకటి పోయినప్పుడల్లా మామ్మ దాన్ని వేపాకులో చుట్టి పెరట్లో పూడ్చి, మా ఇద్దరి వైపూ చూసేది. నాకూ అదే లెక్క. ఇవాళ ఎర్రది, రేపు ఎవరు? తమ్ముడు తుమ్మితే చాలు, పోయి వాడి నుదురు తాకి చూసేదాన్ని. వాడు బెంగగా, "అప్పా, కాకి మర్ జాయేగా క్యా?" అని, చచ్చిపోతుందా అని అడిగేవాడు. వాడు కాకి గురించి ఏడుస్తుంటే నేను వాడి గురించి ఏడ్చేదాన్ని. కలిసి ఏడుస్తున్నామని వాడు అనుకునేవాడు.

ఒకరోజు లేచి చూస్తే కాకి ఒళ్ళు నున్నగా, నల్లగా ఉంది. ఒక్క చుక్క లేదు. మిగిలిన ఒక్కగానొక్క ఎర్రదాని మీద కూడా లేదు. మామ్మ ఆనందం పట్టలేకపోయింది. అమ్మోరు శాంతించి వెళ్ళిపోయిందంది. ఊళ్ళో పిల్లలకి తగ్గాక చేసినట్టే అన్నీ చేసింది. వేపాకు నీళ్ళు పెట్టె మీద చిలకరించింది, పెరుగన్నం విస్తట్లో పెట్టి వీధి చివరకి తీసుకెళ్ళి ఆ తల్లిని సాగనంపి వచ్చింది. ఆ మధ్యాహ్నం ఇంట్లో తాలింపు చిటపటలాడింది. ఆవాల వాసనకి నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అంత రుచిగా పప్పుచారు ఆ తర్వాత ఎప్పుడూ తిన్నట్టు గుర్తులేదు. అమ్మ మాకు తల దువ్వి జడలు వేసింది. తమ్ముడికి జడెందుకు అనకండి, వాడికి మొక్కు జుట్టు ఉండేది.

రెండు మూడు రోజులు గడిచాయేమో. మళ్ళీ వచ్చాయి. ఈసారి రవ్వ కాదు, పిండి చల్లినట్టు. కాకి కళ్ళు కూడా తెల్లబడ్డాయి. నీటి అంచున నోరు తెరుచుకుని ఎగపోస్తోంది. అదే రోజు పొద్దెక్కాక తమ్ముడి ఒళ్ళు కాలింది.

మామ్మ నేల మీద కూలబడిపోయింది. "ఏటో తప్పు జరిగింది... ఎవులో ఏటో తప్పు సేసినారు... కోపమొచ్చి తిరిగొచ్చింది..." అంటూ తల బాదుకుంది. వేపాకులు పరిచి దాని మీద వాడిని పడుకోబెట్టింది. నేను గది మూల చాపచుట్ట పక్కన ముడుచుకుపోయాను. నా చేతుల మీద నాకే చుక్కలు కనిపిస్తున్నాయి. కళ్ళు మూసుకున్నా కనిపిస్తున్నాయి.

అమ్మ తమ్ముడిని ఎత్తి కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. బట్టలు విప్పి వెలుగులో చూసింది. అరచేతులు, అరికాళ్ళు, నోరు తెరిపించి నాలుక కింద. వాడు దగ్గాడు, ముక్కు కారింది. అమ్మ వాడికి దుప్పటి చుట్టి నాన్న మంచం మీద పడుకోబెట్టి, వచ్చి చేపలపెట్టె ముందు నిలబడింది. వంగి కాకిని చూసింది. తర్వాత మామ్మ వైపు తిరిగింది.

"అత్తా, అమ్మోరు ఒకపాలి దిగిన ఒంటికి మళ్ళీ దిగుతాదేటి?"

"దిగదు" అంది మామ్మ.

"నాకు మళ్ళీ ఎప్పుడైనా దిగినాదా?"

"నేదు."

"మరి కాకికి తగ్గీసి మళ్ళీ ఎలగొచ్చింది?"

మామ్మ కాకి వైపు చూసింది.

"ఇది అమ్మోరు కాదు" అంది అమ్మ. "అమ్మోరంటే ఎలగుంటాదో నా మొకం సూడు."

అని కొంగు బిగించి, వంటింట్లోకి పోయి, ఉప్పుజాడీ తెచ్చింది. మామ్మ లేచి అడ్డం పోబోయింది. "వద్దే, నీ కాళ్ళట్టుకుంటాను, పిల్లడి మీదకి తెత్తావే!" అంది. అమ్మ ఆగలేదు గానీ, గుప్పెడు ఉప్పు చేతిలోకి తీసుకున్నాక ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. "తల్లీ, కోపమొత్తే నా మీదకే రా. నీకు నాను తెలుసు" అంది మెల్లిగా. ఉప్పు నీళ్ళలో వేసింది.

పొయ్యి మీద నీళ్ళు కాచి సీసాల్లో పోసి, బిరడాలు బిగించి, పెట్టెలో తేలేసింది. చల్లారిన సీసా తీసి వేడిది వేసేది. సీసాలకి గుడ్డ చుట్టి అందించడం నా పని. నీలంమందు చుక్కలు వేస్తే నీళ్ళన్నీ చాకలి నీలిలా అయ్యాయి. ఒక చెయ్యి పెట్టెలో, ఒక చెయ్యి తమ్ముడి నుదుటి మీద. ఆ గదిలో ఆ రెండు వేడుల మధ్యా తిరుగుతూ అమ్మ నాకు ఆ మాట చెప్పింది. నన్ను చూసి కాదు, సీసాలని చూసి.

ఊళ్ళో అమ్మోరు రాకముందు టీకాలవాడు వచ్చాడట. మామ్మ అమ్మనీ అప్పనీ ధాన్యం గాదె వెనక దాచి, ఇంట్లో ఎవరూ లేరని చెప్పి పంపేసింది. "లోపల మీ అప్ప నవ్వీసింది. దాగుడుమూతలనుకుంది. నానే దాని నోరు మూసినాను" అంది అమ్మ.

అప్పుడు తెలిసింది నాకు, ప్రతి ఏడూ అమ్మ మామ్మని చూసే ఆ చూపు ఏమిటో. మంచం కింద మేం దూరినప్పుడల్లా అమ్మకి ఏం వినపడేదో కూడా తెలిసింది. మామ్మ తలుపు అవతల కూర్చుని ఉంది. విన్నదో లేదో తెలీదు. వేపాకులు ఒక్కొక్కటే తుంపుతూ కూర్చుంది.

తమ్ముడికి ఒంటి మీద ఏమీ రాలేదు. ఉత్త పడిశం. జ్వరం దిగి, ఆకలి అని ఏడ్చిన రోజున అమ్మ వాడి నోట్లో అన్నం ముద్ద పెట్టి, తను గోడ వైపు తిరిగి కూర్చుంది. ఎర్రచేప చచ్చిపోయింది. కాకి మీద చుక్కలు ముందు ఇంకా ఎక్కువైనట్టు కనిపించి మమ్మల్ని చంపేసి, తర్వాత ఒక్కొక్కటే రాలాయి. ఈసారి మళ్ళీ రాకుండా అమ్మ చాలారోజులు ఆ సీసాలు మార్చింది. చివరికి కాకి రెక్కలు విప్పుకుని, ఆ నీలినీళ్ళలో పెట్టె ఈ కొస నుంచి ఆ కొసకి తిరగసాగింది. మామ్మ రోజూ దాని ముందు కూర్చునేది. దండం పెట్టేది కాదు, ఊరికే చూసేది.

అలాంటి ఒక పూట టీకాలబాబు వచ్చాడు. నాన్న డ్యూటీలో ఉన్నాడు, అమ్మ బొగ్గు డిపోకి వెళ్ళింది. సైకిలు గంట వినబడగానే నేను అలవాటుగా తమ్ముడిని పట్టుకుని మంచం కిందికి దూరాను. వాడికి నవ్వొచ్చింది. నేను వాడి నోరు మూశాను. నా చేతి కింద ఆ నవ్వు తడిగా, వెచ్చగా తగులుతోంది. అమ్మ చెప్పిన మాట గుర్తొచ్చి చెయ్యి తీసేద్దామనుకున్నాను. భయానికి చెయ్యి రాలేదు.

"బచ్చే హై ఘర్ మే?" అన్నాడు గుమ్మంలోంచి.

దుప్పటి అంచు కింద నుంచి మామ్మ పాదాలు నాకు కనిపిస్తున్నాయి. అవి చేపలపెట్టె వైపు తిరిగి అక్కడే ఉండిపోయాయి. అతను మళ్ళీ అడిగాడు.

"ఉన్నారు" అంది మామ్మ, తెలుగులో.

అతనికి అర్థం కాలేదు. మామ్మ అరచెయ్యి ముందు తన మోకాలి పైన, తర్వాత నడుం దగ్గర పెట్టి చూపించింది. వంగి దుప్పటి ఎత్తి, "రండర్రా" అంది. ఆ మొహంలో ఉన్న భయం నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు. మమ్మల్ని తనే బయటికి లాగి, తనే మా చేతులు గట్టిగా పట్టుకుంది. ఆ చక్రం తిరుగుతుంటే మేం అరిచిన అరుపులకి లైనంతా వచ్చింది.

అమ్మ బొగ్గు సంచీతో వచ్చేసరికి మేం ఇద్దరం చేతులు చాపుకుని ఏడుస్తున్నాం. మామ్మ గోడవార కూర్చుని ఉంది. అమ్మ మా చేతులు చూసింది, మామ్మని చూసింది.

"ఈపాలి దాయనేదే కోడలా" అంది మామ్మ.

అమ్మ సంచీ దించింది. వెళ్ళి మామ్మ పక్కన కూర్చుని ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది. వాళ్ళిద్దరూ ఆ పోయిన పిల్ల కోసం కలిసి ఏడవడం అదే మొదటిసారి అనుకుంటాను. మామ్మ తెల్లచీర మీద అమ్మ బొగ్గు వేళ్ళ గుర్తులు పడ్డాయి.

మా చేతులు వాచాయి, జ్వరం వచ్చింది, పెచ్చులు కట్టి రాలాయి. మా ఇద్దరికీ అమ్మోరు రాలేదు. వెనక లైనులో ఇంకో రెండు ఇళ్ళకి వేపకొమ్మలు కట్టారు. కాకి ఆ ఏడంతా బతికింది. మామ్మ పోయి, అమ్మ పోయి, నాన్న పోయి ఎంతో కాలమైంది. తమ్ముడు ఇప్పటికీ అక్కడే, బారిడీహ్‌లో ఇల్లు కట్టుకుని ఉన్నాడు. ఫోనులో హిందీ తెలుగూ కలిపి మాట్లాడుతాడు. వాడి చేతి మీద మచ్చ నాకంటే పెద్దది, ఎందుకంటే వాడు ఎక్కువ గింజుకున్నాడు.

మొన్న వంటింట్లో ఎంతసేపు నిలబడ్డానో. మనవరాలు వచ్చి, "ఉప్పెక్కడుందో చూస్తున్నావా?" అంది. అవునన్నాను. డబ్బా తీసి నేనే హాల్లోకి తెచ్చాను. మూత తీసి గుప్పెడు పట్టుకున్నాను. మశూచి అనేది ఈ లోకంలోనే లేదని నాకు తెలుసు. ఇది ఉత్త చేపల జబ్బనీ, ఈ పిల్లకి ఏమీ కాదనీ తెలుసు. అయినా ఉప్పు నీళ్ళలో వెయ్యబోతూ మనవరాలి వైపు చూశాను. ఈ పిల్ల మొహం ఎంత నున్నగా ఉందో! నా కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి.

"తల్లీ, కోపమొత్తే నా మీదకే రా" అన్నాను.

"ఏంటి అమ్మమ్మా?" అంది మనవరాలు.

"ఏం లేదమ్మా" అని ఉప్పు వేశాను.